రిటైరై రోడ్డెక్కుదామా?

తెలుగులో ఎవరైనా 'రోడ్డున పడ్డారు' అంటే ఇక చెప్పడానికేం లేదు. ఇల్లూ వాకిలీ పోయి దిక్కులేనివాళ్లయ్యారని అర్థం. అమెరికాలో మాత్రం అరవై దాటిన వేలాదిమంది పనిగట్టుకుని రోడ్డున పడతారు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టిన ఇల్లు అమ్మేస్తారు. సామాను పిల్లలకి పంచేస్తారు. మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న ఒక పెద్ద బండి కొనుక్కుని, చలికాలం ఎడారిలో, ఎండాకాలం కొండల్లో ఉంటూ దేశమంతా తిరుగుతారు.

ఆ రీల్స్ మీ ఫీడ్‌లోనూ వచ్చే ఉంటాయి. కిటికీ తెరిస్తే సరస్సు, చేతిలో కాఫీ కప్పు, కాళ్ల దగ్గర కుక్కపిల్ల. కింద కామెంట్లలో మనవాళ్లు 'లైఫ్ అంటే ఇదిరా మామా' అని రాస్తుంటారు. మా టీమ్‌లో ఒక కుర్రాడు లంచ్ టేబుల్ దగ్గర, 'నలభై అయిదుకి రిటైరై నేనూ ఇదే చేస్తా' అని ప్రకటించేశాడు కూడా. వాడికి తన పీఎఫ్ పాస్‌వర్డ్ ఏంటో ఇప్పటికీ తెలీదు, అది వేరే విషయం.

అందుకే ఈ వారం మన 'సండే స్టాండప్'లో మోటార్‌హోమ్ ముచ్చట. రీల్‌లో కనపడేది మీకు తెలుసు కాబట్టి, కనపడనిదే ఎక్కువ మాట్లాడుకుందాం.

ముందు బండి సంగతి

మనకి కారవాన్ అంటే షూటింగ్ స్పాట్‌లో హీరో షాట్‌కీ షాట్‌కీ మధ్య వెళ్లి కూర్చునే ఏసీ బండి. అమెరికాలో ఇలాంటివాటన్నిటినీ కలిపి ఆర్‌వీ అంటారు. ఇంకో బండి వెనక తగిలించి లాక్కెళ్లేది ట్రైలర్. ఇంజనూ ఇల్లూ ఒకటే అయితే మోటార్‌హోమ్. అందులో మళ్లీ మూడు రకాలున్నాయి. క్లాస్ ఏ అంటే మన వోల్వో బస్సంత ఉంటుంది. క్లాస్ బీ అన్నిటికంటే చిన్నది, ఒక పొడుగు వ్యాన్. క్లాస్ సీ మధ్యరకం, డ్రైవర్ నెత్తి మీద ముందుకి పొడుచుకొచ్చిన మంచం ఉంటుంది చూడండి, అది. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో చాలా భాగం ఒక్క ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల నుంచే వస్తాయి.

దీన్ని ఇల్లు అనొచ్చా అని డౌటొస్తే, అక్కడి ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు ఎప్పుడో తేల్చేశారు. పడుకోడానికి చోటు, వండుకోడానికి వసతి, టాయిలెట్, ఈ మూడూ ఉంటే అది ఇల్లే. బండి లోన్ మీద కట్టే వడ్డీని, షరతులకి లోబడి, ఇంటి లోన్ వడ్డీలాగే చూపించుకోవచ్చు. ఇరవై ఏళ్ల వరకూ వాయిదాలిచ్చే లోన్లు కూడా ఉన్నాయి. ఇక్కడే మొదటి తిరకాసు. ఇంటి ధర ఇరవై ఏళ్లలో పెరిగే అవకాశం ఉంది. బండి ధర షోరూం గేటు దాటగానే పడటం మొదలవుతుంది. పడుతున్న వస్తువుకి ఇరవై ఏళ్లు వాయిదా కట్టడం అంటే, లెక్క మీరే వేసుకోండి.

ఇంకో ఆశ్చర్యం లైసెన్సు. బండి బరువు సుమారు 11,800 కిలోల లోపు ఉంటే చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. జీవితమంతా చిన్న కారు నడిపిన మనిషి, అరవై అయిదో ఏట బస్సంత బండి స్టీరింగ్ ముందు కూర్చోవచ్చన్నమాట.

ఇక రీల్స్‌లో ఎవరూ చూపించని అసలు హీరో, ట్యాంకు. బండి కింద మూడుంటాయి. ఒకటి మంచినీళ్లకి. రెండోది స్నానం, గిన్నెల నీళ్లు పోయేది, దాన్ని గ్రే ట్యాంక్ అంటారు. మూడోది బ్లాక్ ట్యాంక్. అందులోకి ఏం పోతుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. కొన్ని రోజులకోసారి డంప్ స్టేషన్‌కి వెళ్లి, గ్లవ్స్ తొడుక్కుని, లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చేయాల్సింది ఇంటి యజమానే. సర్వర్ డిస్క్ నిండితే మనకి అర్ధరాత్రి అలర్ట్ వస్తుంది కదా, వీళ్లకీ వస్తుంది. మనం లాగిన్ అయి డిలీట్ కొడతాం. వాళ్లు గ్లవ్స్ వెతుక్కుంటారు.

రెండున్నర వేల ఊరు, లక్షల జనం

నేను ఫీనిక్స్‌లో ఆన్‌సైట్ మీద ఉన్నప్పుడు, ఒక జనవరి శనివారం పడమరగా సుమారు 200 కిలోమీటర్లు డ్రైవ్ చేసుకుంటూ క్వార్ట్జ్‌సైట్ అనే ఊరికి వెళ్లాను. అరిజోనా ఎడారిలో రెండు హైవేలు కలిసేచోట ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది రెండున్నర వేలమంది కూడా కాదు. చలికాలం మొత్తం మీద వచ్చిపోయేవాళ్లు మాత్రం లక్షల్లో ఉంటారు. ఆర్‌వీల ఎగ్జిబిషన్, రంగురాళ్ల సంత, ఎడారంతా తెల్లటి బండ్లు. మేడారం జాతర అయ్యాక జనం ఇళ్లకి వెళ్లకుండా ఆర్నెల్లు అక్కడే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

ఈ ఊళ్లో అందరూ చూసే స్మారకం కూడా ఒక దేశదిమ్మరిదే. ఎడారిలో సామాన్లు మోయించడానికి అమెరికా సైన్యం 1856లో ఒంటెల్ని తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ అనే ఆయన సమాధి అది. పలకడం రాక అక్కడివాళ్లు ఆయన్ని 'హై జాలీ' అన్నారు. పిరమిడ్ ఆకారంలో రాళ్ల కట్టడం, పైన చిన్న ఒంటె బొమ్మ.

ఇంతమంది ఇక్కడికే ఎందుకొస్తారు? ఎండ ఒక కారణం. ఉత్తరాన మంచు మోకాలి లోతు ఉన్నప్పుడు ఇక్కడ మధ్యాహ్నం హాయిగా ఉంటుంది. చలికి దక్షిణానికి వలస వచ్చే ఈ పెద్దవాళ్లని 'స్నోబర్డ్స్' అంటారు. రెండో కారణం డబ్బు. ఊరి పక్కన ఎడారి భూమి ప్రభుత్వానిది. 1983 నుంచి అక్కడ దీర్ఘకాలం ఉండేవాళ్ల కోసం ప్రత్యేకంగా స్థలాలు కేటాయించారు. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలు ఉండటానికి పర్మిట్ చాలా ఏళ్లపాటు 180 డాలర్లు. అంటే రోజుకి డాలరు కూడా పడదు. కరెంటు కనెక్షన్ ఉండదు, సోలార్ పలకలు మీవే. నీళ్లు పట్టుకోడానికి, ట్యాంకు ఖాళీ చేసుకోడానికి మాత్రం ఒకచోట ఏర్పాటు ఉంటుంది. ఇలాంటి ప్రత్యేక స్థలాల్లో కాకుండా మామూలు ప్రభుత్వ భూమిలో ఆపుకుంటే సాధారణంగా 14 రోజులు దాటగానే జరిగిపోవాలి.

రోజుకి డాలరు అద్దె అనగానే మా కుర్రాడి కళ్లు మెరిశాయి. ఆగు బాబూ, డీజిల్ ఎవరు పోస్తారు? పెద్ద మోటార్‌హోమ్ లీటరుకి మూడు, మూడున్నర కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ఏడాదికి 14,000 కిలోమీటర్లు తిరిగితే సుమారు 4,000 లీటర్లు కావాలి. లీటరు ఒక డాలరు వేసుకున్నా 4,000 డాలర్లు. ఇది కాక ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు. ఇల్లు కదిలినప్పుడల్లా ఒక చిన్నపాటి భూకంపం వచ్చినట్టే కదా. మరలు ఊడతాయి, పైపులు కారతాయి. మెకానిక్ షెడ్‌లో బండి పెట్టిన రోజున మీ ఇల్లు కూడా షెడ్‌లోనే ఉంటుంది. రాత్రికి హోటల్ రూమ్ అదనం.

ఒకే ఎడారి, రెండు కథలు

ఆ రోజు నాతో ఎక్కువసేపు మాట్లాడింది మిన్నెసోటా నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయనకి 74, ఆవిడకి 70. ఆయన స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్‌గా పనిచేశారట, ఆవిడ నర్సు. ఇల్లు అమ్మేసి ఆరేళ్లయింది. బండి ముందు మడత కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడ తిరిగారని అడుగుతుంటే ఆవిడ నవ్వి, 'అందరూ ఇదే అడుగుతారు. ఎప్పుడు ఆపుతారని ఒక్కరూ అడగరు' అంది.

అడిగాను. వాళ్ల ఏర్పాటు ఇదీ. ఏటా ఏప్రిల్‌లో ఎడారి నుంచి బయల్దేరే ముందురోజు ఇద్దరూ చెరో కాగితం తీసుకుంటారు. 'ఇంకో ఏడాది' అనో, 'చాలు' అనో రాస్తారు. ఒకరిది ఒకరు చూడకుండా రాసి మడతపెట్టి టేబుల్ మీద పెడతారు. ఇద్దరిలో ఏ ఒక్కరు 'చాలు' అని రాసినా ఆగిపోవడమే. వాదన లేదు, బతిమాలడం లేదు. ఇల్లు అమ్మిన డబ్బులో కొంత భాగం విడిగా పెట్టి, ఇప్పటిదాకా ముట్టుకోలేదట. కూతురు ఉండే ఊళ్లో చిన్న అపార్ట్‌మెంట్‌కి అది సరిపోతుంది.

ఇంకో నియమం కూడా ఉంది. రోజు విడిచి రోజు ఆవిడే నడపాలి. 24 అడుగుల బండిని వెనక్కి తీసి పార్క్ చేయడం, ట్యాంకు ఖాళీ చేయడం, సోలార్ బ్యాటరీ చూసుకోవడం, ఆయన చేసే ప్రతి పనీ ఆవిడకి రావాలి. ఆవిడ చేసే బిల్లులు, బ్యాంకు, మందుల లెక్కలన్నీ ఆయనకి రావాలి. ఎందుకంటే, 'ఎక్కడో కొండల మధ్య ఈయనకి గుండెనొప్పి వస్తే, ఇంటిని ఆసుపత్రి దాకా నడపాల్సింది నేనే కదా' అంది ఆవిడ. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, ఏం మాట్లాడాలో నాకే తోచలేదు.

అక్కణ్నుంచి రెండొందల గజాల దూరంలో పాత వ్యాన్‌లో ఒంటరిగా ఒకావిడ ఉంది. వయసు 66. ఆవిడ అమ్మడానికి ఇల్లంటూ ఏమీ లేదు. నెలనెలా వచ్చే సోషల్ సెక్యూరిటీ డబ్బుకంటే ఊళ్లో అద్దె ఎక్కువైపోయింది. అద్దె మానేసి వ్యాన్‌లోకి మారింది. వేసవిలో ఏదో క్యాంప్‌గ్రౌండ్‌లో పనిచేస్తుంది. టాయిలెట్లు శుభ్రం చేసి, వచ్చినవాళ్లకి స్థలం చూపిస్తే, బండి పెట్టుకోడానికి చోటు ఉచితం, కొద్దిగా జీతం. అక్టోబర్‌లో ఉత్తరాన చక్కెర దుంపల కోతకి వెళ్లాలనుకుంటోంది. రాత్రీపగలూ షిఫ్టుల్లో, చలిలో చేసే పని.

ఆ సాయంత్రం సూర్యుడు దిగుతుంటే ఎడారి మొత్తం నారింజ రంగులోకి మారింది. ఇద్దరి బండ్ల ముందూ అదే వెలుగు. ఫోన్‌లో ఫొటో తీస్తే ఏ బండి ఇష్టంతో వచ్చిందో, ఏది గత్యంతరం లేక వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఈ రెండో కథే జెసికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌లాండ్' అనే పుస్తకంగా రాశారు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్లూ, దాచుకున్న డబ్బూ పోగొట్టుకున్న పెద్దవాళ్లు బండ్లలో తిరుగుతూ సీజన్ పనులు చేసుకోవడం గురించి. అదే సంవత్సరం, 2008లో, అమెజాన్ కూడా పండగ సీజన్లో గోడౌన్ల పనికి ఆర్‌వీల్లో ఉండేవాళ్లని తీసుకోవడం మొదలుపెట్టింది, ఆ పథకం ఇప్పుడు లేదు. ఆ పుస్తకం ఆధారంగా క్లోయీ జావ్ తీసిన సినిమాకి 2021 ఆస్కార్‌లలో ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. అందులో కొందరు తమ పాత్రల్ని తామే పోషించారు. మీ వాచ్‌లిస్ట్‌లో లేకపోతే పెట్టుకోండి. రీల్స్‌కి అది మంచి విరుగుడు.

అడ్రస్ లేని మనిషి

ఇల్లు అమ్మేశాక అందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలా చిన్నది. మీ అడ్రస్?

లైసెన్సుకి అడ్రస్ కావాలి. బ్యాంకుకి కావాలి. ఓటుకి, ఇన్సూరెన్సుకి, పన్నుకి కావాలి. 'ఎడారిలో మూడో బండి' అంటే ఏ ఫారమ్‌లోనూ కుదరదు. దీనికోసమే అక్కడ ఒక వ్యవస్థ పుట్టింది. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ అనే దంపతులు 'ఎస్కేపీస్' అనే ఆర్‌వీ క్లబ్ మొదలుపెట్టారు. టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్ దాని కేంద్రం. సభ్యులకి అక్కడ ఒక అడ్రస్ ఇస్తారు. ఉత్తరాలు అక్కడికి వస్తాయి, సభ్యుడు ఆ వారం ఏ ఊళ్లో ఉంటే అక్కడికి పంపిస్తారు. టెక్సాస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా రాష్ట్రాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అందుకని తిరిగేవాళ్లు ఎక్కువగా ఈ మూడింటిలో ఒకదాన్ని కాగితాల మీద సొంతూరు చేసుకుంటారు.

ఎస్కేపీస్ చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది. లివింగ్‌స్టన్‌లోనే 'కేర్' అనే కేంద్రం పెట్టారు. డ్రైవ్ చేయలేని స్థితికొచ్చిన సభ్యులు తమ బండిని అక్కడ ఆపుకుని, బండిలోనే ఉంటూ, భోజనం, రోజువారీ సాయం పొందవచ్చు. తిరిగినంతకాలం తిరిగిన ఇంట్లోనే చివరి రోజులు కూడా గడుపుకోవచ్చన్నమాట. ఒక క్లబ్ తన సభ్యులు ముసలివాళ్లవుతారని ముందే ఆలోచించడం చిన్న విషయం కాదు.

వైద్యం ఇంకా పెద్ద చిక్కు. అమెరికాలో 65 నిండినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఉంటుంది. మామూలు మెడికేర్ అయితే, దాన్ని అంగీకరించే డాక్టరు దేశంలో ఎక్కడున్నా చూపించుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి తమ ప్రాంతపు డాక్టర్ల జాబితా ఉంటుంది. ఎమర్జెన్సీ సంగతి వేరు, మామూలు చూపు కోసమైతే ఆ జాబితా దాటితే జేబుకి చిల్లే. ఇంట్లో ఉండేవాళ్లకి పనికొచ్చే ప్లాను తిరిగేవాళ్లకి పనికిరాకపోవచ్చు. పంటి వైద్యం మామూలు మెడికేర్‌లో సాధారణంగా రాదు. అందుకే అరిజోనాలో చలికాలం గడిపేవాళ్లు చాలామంది యూమా దగ్గర సరిహద్దు దాటి మెక్సికోలోని లాస్ అల్గొడోనెస్ వెళ్తారు. చిన్న ఊరే, వందలమంది దంత వైద్యులున్నారు. దాని ముద్దుపేరు 'మోలార్ సిటీ', మన భాషలో దవడపళ్ల పట్నం.

మనవాళ్లకి కొత్తేం కాదు

'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే' అని మనకో సామెత ఉంది. అయినా వెళ్లారు మనవాళ్లు. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. డేరాలు, పల్లకీలు, వంటవాళ్లు, పెద్ద పరివారంతో కదిలిన ఇల్లు అది. 'కాశీయాత్ర చరిత్ర'లో ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఎలా ఉంది అని ఊరూరా రాసుకుంటూ పోయారు. ఇవాళ ఆర్‌వీ యాప్‌లలో ఉండే సమాచారం సరిగ్గా ఇదే. నీళ్లెక్కడ, సరుకులెక్కడ, రాత్రికి ఆగొచ్చా లేదా.

ఇంకో రకం ప్రయాణికులూ మన మధ్యే ఉన్నారు. గంగిరెద్దులవాళ్లు, బుడగ జంగాలు తరతరాలుగా ఊరూరూ తిరిగి బతికినవాళ్లు. తిరిగే కుటుంబానికి అడ్రస్ లేక, రేషన్ కార్డుకో కుల ధృవీకరణకో ఎన్ని తిప్పలో వాళ్లనడిగితే తెలుస్తుంది. డబ్బున్నవాడు అడ్రస్ లేకుండా తిరిగితే దాని పేరు స్వేచ్ఛ. లేనివాడు తిరిగితే ఆఫీసు గుమ్మం బయట నిలబెడతారు. క్వార్ట్జ్‌సైట్‌లో నేను చూసిన రెండు బండ్ల తేడా కూడా ఇంతే.

మన దేశంలో మోటార్‌హోమ్ మీద రిటైర్మెంట్ గడపడం ఇప్పటికైతే కష్టమే. కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది, వాగమన్‌లో కారవాన్ పార్కూ వచ్చింది. కానీ దేశమంతా రాత్రికి ధైర్యంగా ఆపుకునే చోట్లు, ట్యాంకు ఖాళీ చేసే కేంద్రాలు వరసగా ఉంటేనే ఈ జీవితం కుదురుతుంది. బండి కొనడం సులువు, ఆ వరస కట్టడమే కష్టం. నాలుగు రోజులు అద్దెకి తీసుకుని తిరగడం వేరు, అదే ఇల్లనుకోవడం వేరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి మాత్రం ఒక మాట. అమ్మానాన్నల్ని రప్పించుకుని, సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్లని కిటికీ పక్కన కూర్చోబెట్టి మనం మీటింగుల్లో ఉంటాం. ఒక వారం సెలవు పెట్టి మోటార్‌హోమ్ అద్దెకి తీసుకోండి. వెనక పొయ్యి ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ అంచు దగ్గర ఆపుకుని అమ్మ చేతి పప్పు, ఆవకాయ తినొచ్చు. రెస్టారెంట్లో ఏం తినాలో తెలీక ఆకలితో నవ్వడం ఉండదు, ప్రతి గంటకీ బాత్రూం వెతకడం ఉండదు. పెద్దవాళ్లకి గ్రీన్‌కార్డు ఉండి, 62 నిండితే, నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోవచ్చు. జీవితాంతానికి 80 డాలర్లు. 2017 ఆగస్టు దాకా అది 10 డాలర్లే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇది వర్తించదు.

అసలు ప్రశ్న

ఈ విషయం ఇంత లోతుగా ఎందుకు పట్టించుకున్నానో కూడా చెప్తాను. మా నాన్న టీచరు. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. మాది తెనాలి. ఆయన దగ్గర ఒక డైరీ ఉంది, అందులో వెళ్లాల్సిన ఊళ్ల జాబితా. కాశీ, బదరీనాథ్, ద్వారక, మధ్యలో ఎందుకో జబల్‌పూర్. పాలరాతి కొండల మధ్య నర్మద చూడాలట. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు క్వార్ట్జ్‌సైట్ ఫొటోలు చూపించాను. నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, 'ఇల్లమ్ముకుని మరీనా?' అన్నారు. తర్వాత 'లోపల పడక ఎలా ఉంటుంది?' అనీ అడిగారు.

అమ్మ మాత్రం ఫొటోలు చూడలేదు. ఆ కాగితాల సంగతి, ఆవిడ బండి నడిపే సంగతి వింది. విని, 'మీ నాన్న స్కూటర్ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్నా. దారులన్నీ నాకే తెలుసు. హ్యాండిల్ ఒక్కటే తెలీదు' అంది. అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు గుండెలో ఏదో గుచ్చుకుంది. నాన్న పెన్షన్ ఏ అకౌంట్‌లో పడుతుందో, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో, నామినీ ఎవరో అమ్మకి తెలీదు. అమ్మ నెలనెలా ఎవరికి ఎంతిస్తుందో, తన బీపీ మందు పేరేంటో నాన్నకి తెలీదు. ఇల్లు కదలకపోతే ఏంటి, వీళ్లూ ఒకే బండిలో వెళ్తున్నారు కదా. ఒకళ్లకే డ్రైవింగ్ వచ్చు.

మర్నాడు కూర్చోబెట్టి అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించాను. నాన్నకి కొంచెం కోపం వచ్చింది, 'నేనింకా ఉన్నాన్రా' అన్నారు. 'ఉన్నప్పుడే కదండీ చెప్పగలిగేది' అంది అమ్మ. దాంతో నాన్న పెన్ను తీసుకున్నారు. అమ్మ ఇప్పుడు పక్క వీధి ఖాళీ స్థలంలో పొద్దున్నే ఎలక్ట్రిక్ స్కూటర్ నేర్చుకుంటోంది. ఎడమవైపు మలుపు బాగానే వస్తోందట. కుడివైపుకి తిప్పాలంటే దిగి, బండిని చేత్తో తిప్పి, మళ్లీ ఎక్కుతోందని నాన్న ఫోన్‌లో రిపోర్ట్.

కాబట్టి మా టీమ్ కుర్రాడికీ, 'లైఫ్ అంటే ఇదిరా' అని కామెంట్ పెట్టిన మీ అందరికీ నేను చెప్పేదొకటే. రోడ్డెక్కాలనే కోరిక మంచిదే, ఉంచుకోండి. దానికి కావాల్సింది బండి కంటే ముందు మూడు జవాబులు. ఆపాల్సి వస్తే ఎక్కడ ఆగుతాం? దానికి డబ్బు విడిగా ఉందా? ఇద్దరిలో ఒకరు పడిపోతే రెండోవాళ్లు నడపగలరా? మోటార్‌హోమ్‌కైనా, కూకట్‌పల్లిలో టూ బీహెచ్‌కేకైనా ప్రశ్నలు ఇవే. మనకింకా ముప్పై ఏళ్ల టైముంది. మన అమ్మానాన్నలకి అంత లేదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'తిన్నారా' తర్వాత ఇంకో ప్రశ్న అడిగి చూడండి.

నాన్న జబల్‌పూర్‌కి టికెట్లు చూస్తున్నారు. రైలేనండీ, స్లీపరే. లోయర్ బెర్త్ అమ్మకి.

వచ్చే వారం కలుద్దాం.